ఏడున్నరకు ఉమ్మడి కుటుంబం

"ఒక్క డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే తేలిపోయేదానికి ఇన్నేళ్ళ గొడవా?"

'కార్తీకదీపం' నడిచిన రోజుల్లో ఈ మాట వినపడని తెలుగు ఇల్లు అరుదు. కుర్చీ వేసుకుని చూసేవాళ్ళూ అన్నారు, మేం సీరియళ్ళు చూడమండీ అంటూ గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్ళూ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కథానాయకుడు కార్తీక్ డాక్టరు. అతని కాపురంలో నిప్పులు పోసిన మోనిత కూడా డాక్టరే. పైగా మన దేశంలో డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతికి 1980ల చివర్లో పునాది వేసిన లాల్జీ సింగ్ పనిచేసింది ఎక్కడో కాదు, ఈ సీరియల్ తయారైన హైదరాబాద్‌లోనే, సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థలో. అయినా ఆ కథ 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23 దాకా, 1500కు పైగా ఎపిసోడ్లు సాగింది.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. కార్తీక్‌కు పిల్లలు పుట్టే యోగం లేదని అతన్ని మోనిత నమ్మించింది. భార్య దీప గర్భవతి కాగానే అతనికి అనుమానం. ఆమె ఇల్లు విడిచి వెళ్ళి కవల ఆడపిల్లల్ని కంది. ఒక పాప శౌర్య తల్లి దగ్గర పెరిగింది. రెండో పాప హిమను నాయనమ్మ సౌందర్య తెచ్చి, ఎవరి బిడ్డో చెప్పకుండా కొడుకు చేతికే ఇచ్చింది. సొంత కూతుర్ని కార్తీక్ పెంపుడు కూతురనుకుని పెంచాడు.

ఇందులో ప్రేక్షకులకు తెలియని రహస్యం ఒక్కటీ లేదు. దీప నిర్దోషి అని, మోనిత అబద్ధమాడిందని, హిమ ఎవరో అని ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అపరాధ పరిశోధన నవలలో హంతకుడెవరో చివరి పేజీదాకా దాచిపెడతారు. ఇక్కడ దాచిందేమీ లేదు. మరి ఏం తెలుసుకోవాలని రాత్రి ఏడున్నరకు అంతమంది కూర్చున్నారు?

ఎవరికి ఏం తెలుసో లెక్కపెట్టుకోవడానికి.

మనిషి మెదడుకు ఇది చాలా ఇష్టమైన పని. ఎదుటివాడి తలలో ఏముందో ఊహించే ఈ శక్తి మీద మనస్తత్వ శాస్త్రంలో 1970ల చివరినుంచి బోలెడంత పని జరిగింది. బ్రిటిష్ పరిణామ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బర్ దీన్ని అంచెలుగా లెక్కగట్టాడు. కార్తీక్ ఒక అబద్ధాన్ని నమ్ముతున్నాడు: ఒక అంచె. అతను నమ్ముతున్నాడని సౌందర్యకు తెలుసు: రెండు. ఆమెకు తెలుసని మోనిత పసిగట్టింది: మూడు. మోనిత పసిగట్టిందేమోనని దీప భయపడుతోంది: నాలుగు. ఇదంతా గ్రహిస్తున్న ప్రేక్షకురాలు: అయిదు. చాలామంది పెద్దవాళ్ళకు హద్దు సుమారుగా ఇక్కడే, ఆ పైన దారి తప్పుతారని డన్‌బర్ బృందం ప్రయోగాల్లో తేలింది. అంటే సీరియల్ చూసేటప్పుడు మెదడుకు సెలవిచ్చినట్టేనని ఎగతాళి చేసే పెద్దమనుషులు ఒక మామూలు ఎపిసోడ్‌లో ఎవరికి ఏం తెలుసో కాగితం మీద రాసి చూసుకుంటే మంచిది. డి.ఎన్.ఎ. పరీక్ష ఈ అంచెలన్నిటినీ ఒక్క దెబ్బతో కూల్చేస్తుంది. అందుకే కథలో దానికి అన్నేళ్ళు తావు దొరకలేదు. ప్రేక్షకులు దాన్ని అడుగుతూనే, అది ఆలస్యమైనంత కాలం చూశారు.

కథ కూడా టీవీతో పుట్టింది కాదు. 'కార్తీకదీపం' మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ అక్కడా నాయికే. కానీ అనుమానానికి గురై గర్భంతో ఇల్లు విడిచిన ఇల్లాలు, దూరంగా పెరిగిన కవలలు, తండ్రి ఎదురుగా నిలబడి కూడా అతను తండ్రి అని తెలియని పిల్లలు అంటే తెలుగువాళ్ళకు కేరళ గుర్తురాదు, ఉత్తర రామాయణం గుర్తొస్తుంది. 1963లో తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రంగా 'లవకుశ' వచ్చినప్పుడు పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళి మరీ చూశారు. అందులో రాముడు ఎన్.టి. రామారావుది పామర్రు దగ్గర నిమ్మకూరు.

నిమ్మకూరు పేరు వచ్చింది గనక ఒక మాట. కృష్ణ సముద్రంలో కలిసే ఈ దిగువ డెల్టా వరితో పాటు కుటుంబ కథల్ని కూడా ఎగుమతి చేసింది. మొవ్వ పక్కన కూచిపూడిలో శతాబ్దాలుగా ఆడుతున్న భామాకలాపం, ఎంత శృంగారం అద్దినా, సవతుల మధ్య నలిగిన ఒక ఇంటి గొడవే. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలు వేసి పైకొచ్చాడు. పత్రికల్లో వారంవారం, నెలనెలా ఒక తరం ఆడవాళ్ళను ఎదురుచూసేలా చేసిన యద్దనపూడి సులోచనారాణి మొవ్వ మండలం కాజలో పుట్టింది. పెదపారుపూడి నుంచి గుడివాడ వచ్చి చదువుకున్న రామోజీరావు 1995 ఆగస్టు 27న ఈటీవీని ప్రారంభించాడు, తెలుగు ఇళ్ళలో సాయంత్రాల రూపు మారిపోయింది. ఇదంతా నీటి మహిమ అని నేననను. పంట కాలవలు, మిగులు డబ్బు, బడులు, చదువుకున్న ఆడవాళ్ళు, ఆస్తి పంపకాల తగాదాలు ఒకేచోట పోగుపడితే కథలు పుడతాయి.

ఇక అసలు విషయం. సీరియల్‌లో ఎప్పుడూ మూడు తరాలు ఒకే కప్పు కింద ఉంటాయి. తాత, నాయనమ్మ, ఇద్దరు ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, ఆడపడుచు, మేనమామ, మనవలు. మెట్లున్న పెద్ద హాలు. "అయ్యో, ఒకప్పుడు మన ఇళ్ళు ఇలాగే ఉండేవి" అని పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు. నిజంగా ఉండేవా? లెక్క వేసి చూద్దాం.

ఒక ఊళ్ళో ప్రతి జంటకూ నలుగురు పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారనుకోండి. మీ నాన్నకు ముగ్గురు తోబుట్టువులు, మీ అమ్మకు ముగ్గురు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని వరసల్లో మీకు ఆరుగురు. ఒక్కొక్కరికి నలుగురు పిల్లల చొప్పున మీ ఈడు బావలు, మరదళ్ళు, వరసకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు 24 మంది. ఇప్పుడు ఇంటికి ఇద్దరు పిల్లలే అనుకోండి. ఆ ఆరుగురు ఇద్దరవుతారు. 24 మంది నలుగురవుతారు. ఒక్కొక్కరే అయితే అందరూ సున్నా. పిల్లల సంఖ్య సగమైతే మీ ఈడు బంధువులు ఆరో వంతుకు పడిపోవడం ఇందులో తమాషా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1992-93 నాటికే 2.6, 2019-21లో 1.7. ఇవాళ గుడివాడ బడిలో చదివే పిల్లకు "పెద్దమ్మ అంటే ఎవరు?" అని విడమరిచి చెప్పాల్సి రావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అడ్డంగా తగ్గిన కుటుంబం నిలువుగా పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టూ ఉండేది, ఇప్పుడు 70 దగ్గర ఉంది. అప్పటి సగటును పసిపిల్లల చావులే అంతగా కిందికి లాగాయి, పెద్దవాళ్ళందరూ ముప్పైలోనే పోయారని కాదు. అయినా మనవడి పెళ్ళి చూసిన తాతలు ఆనాడు తక్కువ. మునిమనవణ్ణి ఎత్తుకున్న జేజమ్మలు మరీ తక్కువ. తాత పోయాక అన్నదమ్ములు వేరుపడడం ఆనవాయితీ. గుజరాత్ పల్లెల్లో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం. షా, పూర్వం అంతా ఉమ్మడి కుటుంబాలే అన్న నమ్మకాన్ని 1970లలోనే గట్టిగా ప్రశ్నించాడు.

కాబట్టి మన తాతల కాలంలో బంధువులు వెడల్పుగా ఉండేవాళ్ళు, ముసలివాళ్ళు త్వరగా పోయేవాళ్ళు. మన కాలంలో నాలుగు తరాలు బతికే ఉంటున్నాయి, తరానికి ఒకరిద్దరే. పొడుగూ వెడల్పూ రెండూ ఉన్న ఇల్లు ఏ కాలంలోనైనా కొద్దిమందికే దక్కింది. టీవీలో మాత్రం అది రోజూ, ఆదివారం తప్ప, దొరుకుతుంది. జనం సీరియల్‌లో తమ పాత ఇంటిని చూసుకుంటున్నారన్న మాట నాకు సగమే ఒప్పుదల. చాలామంది చూస్తున్నది తమకెన్నడూ లేని ఇల్లు. పెద్ద డాబా, ముందు మామిడిచెట్టు, లోపల ఇద్దరు ముసలివాళ్ళు, పిల్లలు ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో: గుడివాడ, పామర్రు వైపు ఇలాంటి ఇళ్ళు వీధి వీధికీ ఉన్నాయి. ఇరవై నాలుగు మంది వరసల్ని గుర్తుపెట్టుకోగల మెదడు అక్కడ పనిలేక కూర్చుంది. సాయంత్రం దానికి పని దొరుకుతుంది.

ఆ పనిలో పెద్ద భాగం అత్తగారిది. ప్రతి సీరియల్‌లో అత్త ఎందుకుంటుందని విసుక్కోవడం సులువు. జర్మనీ వాయవ్య తీరంలో క్రమ్‌హోర్న్ అనే ప్రాంతం ఉంది. మన దివిసీమలాగే కట్టలు పోసి సముద్రాన్ని ఆపుకున్న పల్లపు నేల. అక్కడి చర్చి రికార్డుల్లో 18, 19 శతాబ్దాల పుట్టుకలు, చావులు పరిశీలించి ఎకార్ట్ ఫోలండ్, యాన్ బైసె 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. అమ్మమ్మ బతికి ఉన్న ఇళ్ళలో పిల్లలు ఎక్కువగా దక్కారు. నాయనమ్మ బతికి ఉన్నచోట మాత్రం పుట్టిన మొదటి నెలలో పిల్లలు ఎక్కువగా పోయారు! గర్భంతో ఉన్న కోడలి మీద పడిన చాకిరీ, వేధింపు కారణం కావచ్చని వాళ్ళు అనుమానించారు. దీనికి పరిణామ శాస్త్రం చెప్పే ఒక వివరణ మరీ సీరియల్ కథలా ఉంటుంది. కూతురి బిడ్డ తన రక్తమేనని అమ్మమ్మకు ఏ సాక్ష్యమూ అక్కర్లేదు. కొడుకు బిడ్డ విషయంలో నాయనమ్మకు ఉన్న ఆధారం కోడలి మీద నమ్మకం ఒక్కటే. సౌందర్య, దీప, కార్తీక్, హిమల కథంతా ఈ ఒక్క కీలు మీద తిరుగుతుంది. రంగు నచ్చక మొదట్లో దీపను ఈసడించిన సౌందర్య తర్వాత ఆమె వైపు నిలబడడం ప్రేక్షకుల్ని అంతగా కట్టిపడేసిందంటే, ఆ నమ్మకం ఏర్పడడం ఎంత కష్టమో ఇళ్ళలో అందరికీ తెలుసు గనకే.

ఫిన్లండ్ చర్చి రికార్డుల మీద జరిగిన మరో అధ్యయనం (2012) ఇంకా కటువైన సంగతి చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కాలంలో పిల్లల్ని కన్న ఇళ్ళలో ఇద్దరి పిల్లలకూ బతికే అవకాశం బాగా తగ్గింది. తల్లీకూతుళ్ళు ఒకేసారి కన్నచోట అలా జరగలేదు. ఆడవాళ్ళకు ముట్లుడగడం అనే విచిత్రం పరిణామంలో ఎందుకొచ్చిందో వివరించడానికి కొందరు ఈ పోటీని కూడా ఒక కారణంగా చూపిస్తారు.

కానీ యూరప్ లెక్కను తెచ్చి కృష్ణా జిల్లాకు అతికిస్తే కుదరదు. ఇక్కడ మేనరికం ఉంది. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు అత్తగారు పరాయిది కాదు, సొంత నాన్నకు తోబుట్టువు. మేనమామనే చేసుకుంటే అత్తగారు సాక్షాత్తూ తన అమ్మమ్మ. క్రమ్‌హోర్న్‌లో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు ముసలమ్మలు ఇక్కడ తల్లీకూతుళ్ళు అయిపోతారు. అత్తాకోడళ్ళ పోరు దీనితో మెత్తబడిందా అంటే కొన్ని ఇళ్ళలో అవును, కొన్ని ఇళ్ళలో పుట్టింటికి చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది. దీనికి జన్యుపరంగా కట్టే సుంకం ఉండనే ఉంది: మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సగటున నాలుగో వంతు పంచుకుంటారు, మేనబావ మరదళ్ళు ఎనిమిదో వంతు, కాబట్టి దాగి ఉన్న జబ్బులు పిల్లల్లో బయటపడే ప్రమాదం పెరుగుతుంది. ఈ పెళ్ళిళ్ళ లెక్కను 1960ల మొదట్లోనే ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ ఆంధ్రప్రదేశ్‌లో తీశారు. సీరియల్ రచయితలు ఈ సుంకం మాట ఎత్తరు. మరదలి వరసను మాత్రం వదలరు. 2024 మార్చిలో కొత్త కథతో మొదలైన రెండో 'కార్తీకదీపం'లో కూడా అసలు చిక్కు మేనమామ కూతురెవరన్నదే.

ఏడుపు సంగతి కూడా చూడాలి. రోజంతా పని చేసి, డబ్బులేమీ రాకుండా, లేని మనుషుల కోసం ఏడవడం దేనికి? డన్‌బర్ బృందం 2016లో ఒక ప్రయోగం ప్రచురించింది. కొందరికి గుండెలు పిండే కథాచిత్రం చూపించారు, కొందరికి మామూలు డాక్యుమెంటరీలు. చూడకముందు, చూశాక అందరి చేతా గోడకుర్చీ వేయించారు, మన బళ్ళలో మాస్టార్లు వేయించే గోడకుర్చీయే. ఎంతసేపు తట్టుకుంటే నొప్పిని అంత ఓర్చినట్టు. కథకు బాగా కదిలిపోయినవాళ్ళు చూశాక ఇంకా ఎక్కువసేపు నిలిచారు, పక్కన కూర్చుని చూసిన కొత్తవాళ్ళతో దగ్గరితనం కూడా పెరిగిందన్నారు. ఒంట్లో సహజంగా తయారయ్యే నొప్పినివారిణులు, ఎండార్ఫిన్లు, ఇందుకు కారణమని వాళ్ళ ఊహ. నొప్పి ఓర్పు కొలిచారు తప్ప ఎండార్ఫిన్‌ను నేరుగా కొలవలేదు, అది గుర్తుంచుకోవాలి. బందరు చిలకలపూడి నగల పనిలో రాళ్ళు అతుకుతూ మెడ వంచి కూర్చునే ఆడవాళ్ళకు ఈ ప్రయోగం సంగతి చెబితే, మాకు తెలిసిందేగా అంటారేమో. వాళ్ళు సీరియల్‌ను చూడడం కంటే వినడమే ఎక్కువ. ప్రతి పాత్ర తన మనసులో మాట పైకి అనడం, ఒకే సంగతిని ముగ్గురు మూడుసార్లు చెప్పడం, మోనిత రాగానే మారిపోయే వాద్యం: విమర్శకులు నవ్వే ఈ అలవాట్లన్నీ చేతులూ కళ్ళూ పనిలో ఉన్న శ్రోత కోసం పనికొస్తాయి.

ఇవి చాలవన్నట్టు రచయితలు చేసే సాగతీతను నేను వెనకేసుకు రాను. మంజులా నాయుడు తీసిన 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు'లో మనుషులు మనుషుల్లా మాట్లాడేవాళ్ళు. నా ఓటు ఇప్పటికీ వాటికే. తెల్లటి నటికి నల్లరంగు పూసి నలుపు మీద వివక్షను ప్రశ్నించామనడం నాకు మింగుడు పడలేదు.

సీరియల్ కథల సంగతి సరే, సొంత ఇంటి కథల మాటేమిటి? అమెరికాలో అట్లాంటా నగరపు ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లలకు ఇరవై ప్రశ్నలు వేశారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, మీ తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇంట్లో జరిగిన ఒక పెద్ద కష్టం గురించి తెలుసా, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. తెలియడం వల్లే ధైర్యం వచ్చిందో, కబుర్లు చెప్పుకునే ఇళ్ళలో రెండూ కలిసి పెరుగుతాయో ఆ ప్రశ్నలతో తేలదు. అయినా ఒక గమనిక విలువైంది: "అంచెలంచెలుగా పైకొచ్చాం" అనే కుటుంబ కథ కంటే, "అంతా పోగొట్టుకున్నాం" అనే కథ కంటే, పడ్డాం లేచాం మళ్ళీ పడ్డాం అనే కథ పిల్లలకు ఎక్కువ ఊతమిస్తుందని డ్యూక్ అంటాడు.

దివిసీమలో ఈ మూడో రకం కథ ప్రతి పాత ఇంట్లో ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పది వేలమందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి, కొన్ని ఇళ్ళలో ఒక్కరు మిగిలారు. అవనిగడ్డ, నాగాయలంక వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ వయసులు, పెళ్ళిళ్ళు "ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత" అని లెక్క చెబుతారు. అక్కడ ఒక తాత బతికి ఉండడం, ఆయన పక్కన మనవలు కూర్చోవడం మామూలు విషయం కాదు. రోజుకో ప్రమాదం, పోయారనుకున్న మనిషి మళ్ళీ గుమ్మంలో నిలబడడం అనే సీరియల్ పోకడ బయటివాళ్ళకు నవ్వు తెప్పించవచ్చు. తిరిగి రానివాళ్ళ కోసం ఏళ్ళ తరబడి చూసిన ఊళ్ళో అంత తేలిగ్గా నవ్వు రాదు.

మరి ఈ కథలు చూసేవాళ్ళను ఏం చేస్తాయి? రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం అయిదు చోట్ల, తమిళనాడు, బీహార్, హర్యానా, గోవా, ఢిల్లీల్లో, కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన పల్లెల్ని రానివాటితో పోల్చింది. కేబుల్ వచ్చాక, భర్త కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్ళు తగ్గారు, మగపిల్లాడే కావాలనే పట్టు తగ్గింది, ఇంటి నిర్ణయాల్లో వాళ్ళ మాట పెరిగింది. ఆ రోజుల్లో ఆ చానళ్ళ నిండా కోడళ్ళ కన్నీళ్ళే. బ్రెజిల్‌లోనూ రెడె గ్లోబో టీవీ చేరిన ప్రాంతాల్లో సంతానం తగ్గిందని 2012లో ఒక పరిశోధన చూపించింది, అక్కడి సీరియళ్ళలో కుటుంబాలు చిన్నవి. మన సీరియళ్ళలో కుటుంబాలు పెద్దవి, పిల్లలు మాత్రం వాటిలోనూ జంటకు ఒకరిద్దరే. గమనించారో లేదో!

మచిలీపట్నంలోనో అవనిగడ్డలోనో ఎనిమిదో తరగతి మాస్టారు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. ఖర్చు రెండు తెల్లకాగితాలు. మొదటి కాగితం మీద, ఇంట్లో నడిచే సీరియల్‌లోని కుటుంబ వృక్షాన్ని పేర్లతో, వరసలతో పది నిమిషాల్లో గీయమనండి. రెండో దాని మీద సొంత కుటుంబానిది, అంతే సమయంలో. తాతగారి తల్లి పేరు, నాయనమ్మ పుట్టిన ఊరు, అమ్మమ్మ తోబుట్టువులు ఎంతమంది అన్నవి తప్పకుండా ఉండాలి. రెండింటిలో పేర్లు లెక్కపెట్టి తేడా రాయించండి. ఒంటరి పిల్లలకు, తోబుట్టువులున్నవాళ్ళకు, తాతా నాయనమ్మలతో ఉంటున్నవాళ్ళకు విడివిడిగా సగటు కట్టించండి. రెండో కాగితంలో ఖాళీలు ఇంటికి పట్టుకెళ్ళి ముసలివాళ్ళను అడిగి నింపుకురమ్మనండి. ఏడున్నరకు మాత్రం అడగొద్దని, ప్రకటనలు వచ్చేదాకా ఆగమని చెప్పండి.